పాయింట్ టూ టూ రైఫిల్‌కు స్కోపు ఎంచుకోవడం: నల్లగొండ నుంచి నా అనుభవం

నా దగ్గరున్నది .22 లాంగ్ రైఫిల్ తూటా పేల్చే బోల్ట్ యాక్షన్ రైఫిల్. పేల్చేది రేంజిలో, కాగితం టార్గెట్ మీదనే. ఎక్కువగా 50 మీటర్లు, లైను దొరికితే 100 మీటర్లు. స్కోపు కొనేవాళ్లు ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే: ఎంత దూరం, దేని మీద. ఇది తేలకుండా దుకాణానికి పోతే కళ్లు పెద్ద కటకం మీదకే పోతాయి. 6-24×50 (6 నుంచి 24 రెట్లు పెద్దగా చూపే పవర్, 50 మి.మీ. ముందు కటకం) అని డబ్బా మీద రాసి ఉంటే అదే గొప్పదనిపిస్తుంది. .22కి కావాల్సింది అది కాదు.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. పిల్లల్ని జిల్లా పోటీలకు, రాష్ట్ర పోటీలకు పంపుదామనుకునేవాళ్లు స్కోపు మీద డబ్బు పెట్టకండి. అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య (ఐఎస్ఎస్ఎఫ్) నియమాల ప్రకారం పడుకుని పేల్చే 50 మీటర్ల రైఫిల్ ప్రోన్‌లో గానీ, మూడు భంగిమల త్రీ పొజిషన్‌లో గానీ టెలిస్కోపిక్ సైట్‌కు అనుమతి లేదు. అక్కడ వెనక సన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైటు, ముందు గుండ్రటి ఫోర్‌సైటు ఉంటాయి. ఆ డబ్బుతో మంచి పీప్ సైటు, మంచి షూటింగ్ జాకెట్ వస్తాయి. స్కోపు కావాల్సింది బెంచి మీద ఆనించి గ్రూపులు (ఒకే గురి మీద వరసగా పేల్చిన తూటాల రంధ్రాల గుంపులు) తీసేవాళ్లకు, తూటాల లాట్లు (తయారీ విడతలు) పోల్చి చూసేవాళ్లకు, కంటిచూపు తగ్గి ముందు సైటు మసకబారినవాళ్లకు, 100 మీటర్ల దగ్గర పని చేసేవాళ్లకు.

అన్నిటికన్నా ముఖ్యమైనది పారలాక్స్. మనవాళ్లలో చాలామంది దీన్ని అడగనే అడగరు. ఆటోలో వెనక కూర్చున్నవాడికి స్పీడోమీటరు ముల్లు ఒక అంకె మీద, డ్రైవరుకు ఇంకో అంకె మీద కనిపిస్తుంది కదా, ఇదీ అలాంటిదే. స్కోపులో క్రాస్‌హెయిర్ ఒక తలంలో, టార్గెట్ బొమ్మ ఇంకో తలంలో పడితే, కన్ను కాస్త పక్కకు జరగగానే క్రాస్ టార్గెట్ మీద జారుతుంది. రైఫిల్ కదల్లేదు, క్రాస్ మాత్రం కదిలింది. అది నమ్మి ట్రిగ్గర్ నొక్కితే తూటా వేరే చోట పడుతుంది.

పెద్ద రైఫిళ్లకు చేసిన స్కోపుల్లో పారలాక్స్ మామూలుగా 100 గజాలకు, కొన్నింట్లో 150 గజాలకు కట్టేసి ఉంటుంది, అంటే ఆ దూరంలో మాత్రమే క్రాస్ జారదు. రిమ్‌ఫైర్ కోసం, అంటే .22 లాంటి చిన్న తూటా రైఫిళ్ల కోసం, చేసినవాటిలో 50 లేదా 60 గజాలకు ఉంటుంది. ఈ తేడా ఎంత ఖరీదైనదో లెక్క వేసి చూడొచ్చు. కటకం వ్యాసంలో సగాన్ని తీసుకుని, దూరాల తేడాతో గుణించి, పారలాక్స్ కట్టిన దూరంతో భాగించాలి. 40 మి.మీ. కటకం, పారలాక్స్ 100 మీటర్లకు కట్టి ఉంది, మనం పేల్చేది 50 మీటర్ల దగ్గర అనుకుందాం. 20ని 50తో గుణించి 100తో భాగిస్తే 10 మి.మీ. కన్ను పూర్తిగా అంచుకు జరిగితే వచ్చే గరిష్ఠ తప్పు ఇది. 50 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మి.మీ. అంటే నడుమ నుంచి అంచుకు 5.2 మి.మీ.లే. ఒక్క పారలాక్స్‌తోనే పది పోయి తొమ్మిదిలో పడొచ్చు. అదే స్కోపుతో 25 మీటర్ల దగ్గర పేలిస్తే తప్పు 15 మి.మీ. దాకా పోతుంది. రైఫిల్ బాగాలేదు, తూటాలు బాగాలేవు అని తిట్టుకునే గ్రూపుల్లో కొన్ని ఇలా పాడైనవే.

తిరగేసి కూడా చూడాలి. 50కి కట్టిన స్కోపుతో 100 మీటర్ల దగ్గర పేలిస్తే గరిష్ఠ తప్పు 20 మి.మీ. అందుకే రెండు దూరాలూ నిజంగా వాడేవాళ్లు పారలాక్స్ తిప్పుకునే స్కోపే తీసుకోవాలి. ముందు కటకం చుట్టూ రింగు తిరిగేది ఒక రకం, దాన్ని ఏఓ అంటారు. ఎడమ పక్క మూడో గుబ్బ ఉండేది ఇంకో రకం, అది సైడ్ ఫోకస్. పడుకుని పేల్చేటప్పుడు ముందుకు చేయి చాపి ఏఓ రింగు తిప్పడం ఇబ్బందే కానీ, ధర తక్కువ, లోపల కదిలే భాగాలు తక్కువ. బెంచి మీద పేల్చేవాళ్లకు ఏఓ చాలు. నేను ఎంచుకున్నదీ అదే. ఒక్క 50 మీటర్లే పేల్చేవాళ్లకు ఇవేవీ అక్కర్లేదు, 50 గజాలకు కట్టిన మామూలు రిమ్‌ఫైర్ స్కోపు హాయిగా సరిపోతుంది. వోర్టెక్స్ క్రాస్‌ఫైర్ 2లో 2-7×32 రిమ్‌ఫైర్ అలాంటిదే. లూపోల్డ్ వాళ్లూ రిమ్‌ఫైర్ పేరుతో విడిగా చేస్తారు. డబ్బా మీద రిమ్‌ఫైర్ అన్న మాట లేకుండా అదే సైజు, అదే ధరలో ఇంకోటి ఉంటుంది. రెండూ ఒకటే అనుకోవద్దు.

దుకాణంలో "అన్నా, ఇది యాభై గజాల పారలాక్సా, వంద గజాలదా?" అని అడిగితే "అన్నిటికీ పనికొస్తది సార్, ఫుల్ క్లియర్ ఉంటది" అనే జవాబే ఎక్కువగా వస్తుంది. అందుకే అక్కడే పరీక్షించడం నేర్చుకోవాలి. రైఫిల్‌తో పని లేదు. బజారులో రైఫిల్ ఎటూ గురిపెట్టకూడదు కూడా. స్కోపును ఒక్కదాన్నే తీసుకుని గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టండి. కింద చిన్న ఇసుక సంచో, మడత పెట్టిన టవలో ఉంటే కదలకుండా కూర్చుంటుంది. మన అడుగు సుమారు 75 సెం.మీ. అనుకుంటే 67 అడుగుల దూరంలో ఉన్న బోర్డు 50 మీటర్లకు వస్తుంది. ఆ బోర్డు మీద ఒక అక్షరం అంచుకు క్రాస్ వచ్చేలా సర్ది, చేతులు తీసేసి, కన్ను మాత్రం పైకీ కిందికీ, పక్కలకూ మెల్లగా జరపండి. క్రాస్ అక్షరం అంచునే అంటుకుని ఉంటే పారలాక్స్ ఆ దూరానికి సరిగ్గా ఉన్నట్టు. అక్షరం మీద అటూ ఇటూ ఈదుతుంటే లేనట్టు.

దీనికంటే ముందు ఐపీస్ (కంటి వైపు కటకం) ఫోకస్ సరిచేయాలి, లేకపోతే ఈ పరీక్షే తప్పుతుంది. స్కోపును ఆకాశం వైపో, తెల్లగోడ వైపో పెట్టి (సూర్యుడి వైపు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు), కళ్లు మూసి తెరిచి, మొదటి రెండు సెకన్లలో క్రాస్ గీతలు నల్లగా, పదునుగా కనిపిస్తున్నాయా అని చూడాలి. తదేకంగా చూస్తూ తిప్పితే కన్నే సర్దుకుని మనల్ని మోసం చేస్తుంది. తిప్పు, చూపు మరల్చు, మళ్లీ చూడు. అద్దాలు పెట్టుకుని పేల్చేవాళ్లు అద్దాలతోనే ఇది చేయాలి. ఏఓ రింగు విషయంలో ఇంకో జాగ్రత్త: బొమ్మ పదునుగా కనిపించిన చోటే పారలాక్స్ పోయిందని అనుకోకూడదు. రింగు మీద అంకెలు కూడా అంచనాకే. అవి గజాల్లో ఉంటాయి, 50 మీటర్లంటే దాదాపు 55 గజాలు. తల కదిపి క్రాస్ కదలని చోటే అసలు గుర్తు. ఆ చోట సన్నటి తెల్ల పెయింటు చుక్క పెట్టుకుంటే మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.

ఇక పవర్. 50 మీటర్లకు 9 రెట్లు చాలు, 12 రెట్లు పుష్కలం. 3-9×40 గానీ, 4-12×40 ఏఓ గానీ .22కి సరైన జోడీ అని నా అభిప్రాయం. 24 రెట్లు కావాలనేవాళ్లు మన ఊరి ఎండను లెక్కలో వేసుకోవడం లేదు. నల్లగొండలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 42, 44 డిగ్రీలకు పోతుంది. పొద్దున తొమ్మిది దాటితే చెలక నేల మీంచి వేడి లేచి స్కోపులో టార్గెట్ నీళ్లలో ఉన్నట్టు అల్లాడుతుంది. పవర్ పెంచితే టార్గెట్‌తో పాటు ఆ ఎండమావి కూడా అంతే పెరుగుతుంది. 24 మీద చూస్తే నల్ల చుక్క గుండ్రంగా కూడా ఉండదు. అదే స్కోపును 8కి దింపితే మళ్లీ కుదురుగా కనిపిస్తుంది. 8 మీద వాడేదానికి 24 రెట్ల డబ్బు, 24 రెట్ల బరువు ఎందుకు? 3-9×40 బరువు 350 నుంచి 450 గ్రాముల మధ్య ఉంటుంది. 6-24×50లు చాలావరకు 650 గ్రాములు, ఆపైన ఉంటాయి. తేలికైన .22 మీద అది పైన బరువై, రైఫిల్ పక్కకు ఒరుగుతూ ఉంటుంది.

పెద్ద కటకం వెలుతురుకు మంచిదని అంటారు. అది చీకటి పడే వేళ మాట. కటకం వ్యాసాన్ని పవర్‌తో భాగిస్తే కంటికి వచ్చే వెలుగు వలయం వెడల్పు తెలుస్తుంది. 40ని 9తో భాగిస్తే 4.4 మి.మీ. మన ఎండలో కంటిపాప 2, 3 మి.మీ.లకు ముడుచుకుంటుంది కాబట్టి వెలుతురు మిగులే. 50ని 24తో భాగిస్తే 2.1 మి.మీ.లే. వెలుతురు సరిపోతుంది కానీ, తల అణువంత జరిగినా చుట్టూ నల్ల నీడ కమ్ముతుంది. కటకం పెద్దదైన కొద్దీ స్కోపు ఎత్తుగా కూర్చోవాలి, చెంప కుందా నుంచి లేచిపోతుంది, తల ఒక చోట నిలవదు. తల నిలవకపోతే మళ్లీ పారలాక్స్ దగ్గరికే వస్తాం.

క్రాస్ గీతల మందం డబ్బా మీద రాయరు, కాని చూసి తీరాలి. కొలతలు ఒకసారి చెప్పుకుంటే తర్వాత తేలిక. ఎంఓఏ, మిల్ అనేవి కోణపు కొలతలు: ఒక ఎంఓఏ అంటే 100 మీటర్ల దగ్గర 29 మి.మీ., 50 మీటర్ల దగ్గర 14.5 మి.మీ. ఒక మిల్ అంటే 100 దగ్గర 10 సెం.మీ., 50 దగ్గర 5 సెం.మీ. అర ఎంఓఏ మందం ఉన్న గీత 50 మీటర్ల దగ్గర 7 మి.మీ. కప్పేస్తుంది, అంటే పది వలయంలో మూడింట రెండు వంతులు కనిపించదు. టార్గెట్ పనికి నడుమ సన్నగా ఉన్న డ్యూప్లెక్స్, లేదా సన్నటి మిల్ గీతలు మంచివి. పవర్‌తో పాటు గీతలూ పెరిగే ఫస్ట్ ఫోకల్ ప్లేన్, గీతలు మారని సెకండ్ ఫోకల్ ప్లేన్ అనే చర్చ .22కి పెద్దగా అక్కర్లేదు. సెకండ్ ఫోకల్ ప్లేన్‌లో గీతల మధ్య కొలత చాలావరకు గరిష్ఠ పవర్ మీదే సరిగ్గా ఉంటుందని గుర్తుంచుకుంటే చాలు. ఫస్ట్ ఫోకల్ ప్లేన్ స్కోపులు తక్కువ పవర్ మీద గీతలు వెంట్రుకలా సన్నబడి ఎండలో కనిపించకుండా పోతాయి.

.22 కోసం ప్రత్యేకంగా దూరాలు గీసిన బీడీసీ రెటికిళ్లు (తూటా ఏ దూరంలో ఎంత దిగుతుందో చూపే క్రాస్ గీతలు) చూసి ముచ్చటపడతారు. ఆ గీతలను ఎక్కువగా సెకనుకు 1,250 అడుగుల చుట్టూ పోయే హై వెలాసిటీ తూటాకు లెక్కించి పెడతారు. టార్గెట్‌కు వాడే స్టాండర్డ్ తూటా, 40 గ్రెయిన్ల సీసం గుండు, 1,070 అడుగుల దగ్గర బయటికొస్తుంది. ఆ గీతలు దీనికి కుదరవు. మామూలు టరెట్లున్న (క్రాస్‌ను క్లిక్కు క్లిక్కుగా జరిపే గుబ్బలున్న) స్కోపు తీసుకుని క్లిక్కులు లెక్కపెట్టుకోవడమే నయం.

ఆ క్లిక్కుల లెక్క ఇదీ. స్కోపు నడిమి గీత నాళం నడిమి గీతకు 4 సెం.మీ. పైన ఉందనుకుందాం. 50 మీటర్లకు జీరో చేస్తే, అంటే అక్కడ తూటా సరిగ్గా క్రాస్ మీదే పడేలా సర్దితే, 25 మీటర్ల దగ్గర తూటా గురికి సుమారు 1 సెం.మీ. పైన పడుతుంది. 100 మీటర్ల దగ్గర 20 నుంచి 24 సెం.మీ. కింద పడుతుంది. పావు ఎంఓఏ క్లిక్కుల స్కోపుకు అది 28 నుంచి 33 క్లిక్కులు. తూటా రకాన్ని బట్టి, లాటును బట్టి ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది, కాగితం మీద పేల్చే తేల్చుకోవాలి. ఇన్ని క్లిక్కులు తిప్పి మళ్లీ వెనక్కి రావాలంటే టరెట్ నమ్మకంగా తిరగాలి. చౌక స్కోపులు ఇక్కడే తేలిపోతాయి.

దాన్ని తూటా ఖర్చు లేకుండా పరీక్షించే పద్ధతి ఒకటుంది. మనకు లైసెన్సు మీద తూటాలు లెక్కగానే వస్తాయి కాబట్టి ఇది తప్పక చేయాలి. స్కోపును కదలకుండా బిగించండి. వడ్రంగి బల్లకున్న బిగింపులో గుడ్డ చుట్టి పట్టిస్తే సరిపోతుంది. టేపుతో కొలిచి సరిగ్గా 50 మీటర్ల దూరంలో గోడ మీద కాగితం అంటించి, దాని మీద నిలువు గీత గీసి 145 మి.మీ. ఎడంగా రెండు అడ్డగీతలు పెట్టండి. క్రాస్ పై గీత మీద ఉండగా 40 క్లిక్కులు పైకి, అంటే అప్ బాణం వైపు, తిప్పితే క్రాస్ కింది గీతకు దిగాలి. 138 దగ్గరే ఆగిందంటే ప్రతి క్లిక్కూ అయిదు శాతం తక్కువన్నమాట. 100 మీటర్లకు తిప్పినప్పుడు 12 మి.మీ. తేడా వస్తుంది. తక్కువే అయినా ఎప్పుడూ ఒకేలా ఉంటే లెక్కలో కలుపుకోవచ్చు. ఒకసారి 138, ఇంకోసారి 150 వస్తే, లేదా వెనక్కి 40 తిప్పినా మొదటి గీతకు చేరకపోతే, ఆ స్కోపు వద్దు. పక్కలకూ ఇదే పరీక్ష చేయాలి. క్రాస్ నిలువు గీత వెంటే జారుతుందా, వాలుగా పోతుందా అన్నదీ ఇందులోనే తెలుస్తుంది.

ఇక్కడ తికమక పడే విషయం ఒకటి: అప్ బాణం తూటా పడే చోటును పైకి తెస్తుంది, కంటికి మాత్రం క్రాస్ కిందికి దిగినట్టు కనిపిస్తుంది. ఇది తెలియక బోర్ సైటింగ్ (నాళంలోంచి చూస్తూ స్కోపును సర్దడం) చేసేటప్పుడు చాలామంది ఎదురుదిక్కుకు తిప్పుకుంటూ పోతారు.

రింగుల దగ్గరికి వద్దాం. స్కోపు ధరలో నాలుగో వంతు దాకా రింగులకు పెట్టడానికి వెనకాడకూడదని నా గట్టి నమ్మకం. .22 రైఫిళ్ల రిసీవర్ పైన చాలావాటికి లోపలికి వాలిన అంచులున్న 11 మి.మీ. డొవ్‌టెయిల్ గాడి ఉంటుంది. చెక్ దేశపు సీజెడ్ 452, 457 లాంటివాటికీ ఇదే. పెద్ద రైఫిళ్ల పికాటినీ పట్టాకు చేసిన రింగులు దీనికి పట్టవు. ఇంటి నుంచి బయల్దేరే ముందే వెర్నియర్‌తో గాడి వెడల్పు కొలిచి రాసుకోవాలి. "పదకొండుదే సార్" అని ఇచ్చిన రింగును బిగించి చూస్తే, పట్టు గాడి లోపలి వాలుకు ఆనకుండా అంచు మీదే కరచుకుని ఉండొచ్చు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని పక్కనుంచి చూస్తే సందు తెలుస్తుంది. పట్టు పొడవునా ఆనాలి. ట్యూబు 25.4 మి.మీ.దా, 30 మి.మీ.దా అన్నది కూడా చూసుకోవాలి. .22కి 25.4 మి.మీ.ల ట్యూబు చాలు.

ఎత్తుకు లెక్క: 40 మి.మీ. కటకం గల స్కోపు ముందు భాగం (గంటలా వెడల్పైన చోటు) బయటి వ్యాసం 48 మి.మీ. దాకా ఉంటుంది. సగం 24. ట్యూబు సగం 12.7. తేడా 11.3 మి.మీ. ట్యూబు అడుగు నాళం పైనుంచి అంతకన్నా ఎక్కువ ఎత్తులో ఉండాలి, 2 మి.మీ. గాలి వదలాలి, కటకానికి మూత పెట్టేవాళ్లు ఇంకో 2 కలుపుకోవాలి. ఆ తర్వాత బోల్టు పూర్తిగా ఎత్తి చూడాలి. సీజెడ్ 452 లాంటి రైఫిళ్ల బోల్టు పిడి 90 డిగ్రీలు లేస్తుంది కాబట్టి ఐపీస్‌కు తగులుతుంది. తగలకుండా ఉండే అతి తక్కువ ఎత్తే మంచి ఎత్తు.

బిగించే ముందు మ్యాగజైన్ తీసి, బోల్టు తెరిచి, ఛాంబర్ ఖాళీగా ఉందని కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి నిర్ధారించుకోవాలి. కింది రింగులు బిగించి, స్కోపు పెట్టి, పై రింగులు వదులుగా వేయాలి. పవర్‌ను గరిష్ఠానికి తిప్పి, మనం నిజంగా పేల్చే భంగిమలో చెంప ఆనించి, కళ్లు మూసి తెరిచినప్పుడు నీడ లేకుండా నిండు వలయం కనిపించేదాకా స్కోపును ముందుకూ వెనక్కీ జరపాలి. గరిష్ఠ పవర్ మీదే ఎందుకంటే, కంటికి ఉండాల్సిన దూరం అక్కడే తగ్గుతుంది. .22కి తన్ను లేదు కాబట్టి కంటికి దెబ్బ తగులుతుందన్న భయం లేదు, మెడ హాయిగా ఉందా అన్నదే కొలత.

క్రాస్ నిలువుగా ఉండాలి. రైఫిల్‌ను సంచుల మీద పెట్టి, రిసీవర్ చదును మీద చిన్న రసమట్టం ఉంచి బుడగ నడుమకు తేవాలి. ఎదురుగా దూరంగా మేస్త్రీల తూకం గుండును దారంతో వేలాడదీసి, గాలి లేనప్పుడు క్రాస్ నిలువు గీతను ఆ దారం మీదకు తిప్పి కలపాలి. రైఫిల్ 5 డిగ్రీలు ఒరిగితే 50 మీటర్ల దగ్గర తూటా 1 సెం.మీ., 100 మీటర్లకు క్లిక్కులు తిప్పి పేలిస్తే అక్కడ 4, 5 సెం.మీ. పక్కకు పోతుంది. గాలి అనుకుని దాన్ని దిద్దబోతే రోజంతా దిద్దుతూనే ఉండాలి.

స్క్రూలను ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఎదురెదురుగా, సగం సగం చుట్టు బిగిస్తూ రావాలి. రెండు పక్కలా సందు సమానంగా ఉండాలి. పై రింగుల స్క్రూలకు 1.7 నుంచి 2 న్యూటన్ మీటర్లు చాలు, ఇన్చ్ పౌండ్లలో 15 నుంచి 18. టార్క్ డ్రైవర్ లేకపోతే ఎల్ ఆకారపు కీని పొడవు వైపు నుంచి కాక పొట్టి వైపు నుంచి రెండు వేళ్లతో తిప్పి ఆపేయాలి. మెకానిక్ దగ్గరికి తీసుకుపోతే పొడవు వైపు పట్టుకుని గట్టిగా ఒక్క లాగు లాగుతాడు, ట్యూబు నొక్కుకుపోతుంది, లోపలి ట్యూబు ఇరుక్కుని క్లిక్కులు తిరిగినా క్రాస్ కదలదు. ఆ నొక్కు బాగుకాదు. డొవ్‌టెయిల్ పట్టు స్క్రూలకు రింగులతో వచ్చిన కాగితం మీది అంకె చూడాలి. నీలం రకం లాక్‌టైట్ (స్క్రూలు వదులుకాకుండా పట్టే జిగురు) వేస్తే అక్కడే, అదీ ఒక చుక్కే. పై రింగుల స్క్రూలకు వేయకూడదు. తడిసిన మర పొడి మర కన్నా ఎక్కువ బిగుస్తుంది.

జీరో రేంజిలోనే, 25 మీటర్ల దగ్గర మొదలుపెట్టాలి. బోల్టు తీసేసి, రైఫిల్‌ను ఇసుక సంచుల మీద ఆనించి, నాళం లోంచి చూస్తూ టార్గెట్ నల్ల చుక్కను నాళం నడుమకు తేవాలి. రైఫిల్ కదలకుండా, క్రాస్ ఆ చుక్కకు 4 సెం.మీ. కిందకు వచ్చేలా టరెట్లు తిప్పాలి. సరిగ్గా చుక్క మీదకే తెస్తే తూటాలు కిందకు పోతాయి. నాళం చూపే గీతకు స్కోపు గీత అంత కింద ఉన్నప్పుడే 50 మీటర్ల జీరోకు దగ్గర పడతాం. తర్వాత మూడు తూటాలు పేల్చి, వాటి నడిమి చోటు చూసి దిద్దాలి. 25 దగ్గర పావు ఎంఓఏ క్లిక్కు 1.8 మి.మీ. 36 మి.మీ. కింద పడితే 20 క్లిక్కులు పైకి. గురికి 1 సెం.మీ. పైన గ్రూపు కూర్చోగానే 50కి పోయి, అయిదేసి తూటాల గ్రూపులతో సన్నగా దిద్దాలి. ఒక్కో తూటాను చూసి క్లిక్కు తిప్పేవాళ్లకు జీరో ఎప్పటికీ దొరకదు. రైఫిల్, తూటా కలిసి 25 మి.మీ. గ్రూపు ఇస్తుంటే అందులో ఒక్క రంధ్రం ఏమీ చెప్పదు.

ఈ పని తెల్లవారగానే చేయాలి. ఎండమావి ఒక కారణం, గాలి రెండోది. గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలి స్టాండర్డ్ .22 తూటాను 50 మీటర్ల దగ్గర రెండున్నర సెం.మీ., 100 దగ్గర 10 సెం.మీ.లకు పైగా నెడుతుంది. మధ్యాహ్నపు వడగాలిలో పెట్టిన జీరో ఆ గాలికే జీరో. తూటా డబ్బా మీది లాట్ నంబరు రాసి పెట్టుకోవాలి. పుణెలోని ఖడ్కీ కర్మాగారం తూటా నుంచి ఇంగ్లండు ఈలీ కంపెనీ తూటాకు మారినా, ఒకే కంపెనీలో లాటు మారినా, గ్రూపు చోటు మారుతుంది.

స్ప్రింగు ఎయిర్ రైఫిల్ నుంచి తీసిన స్కోపును .22కి వేయొచ్చా అని అడుగుతుంటారు. గట్టిదనానికి ఢోకా లేదు, స్ప్రింగు ఎయిర్ రైఫిల్ మొదట వెనక్కి, వెంటనే ముందుకు కొడుతుంది కాబట్టి దాన్ని తట్టుకున్నది .22ని సులువుగా తట్టుకుంటుంది. చూడాల్సింది మళ్లీ పారలాక్సే. ఎయిర్ రైఫిల్ స్కోపుల్లో అది ఇంకా దగ్గరి దూరానికి కట్టి ఉండొచ్చు. తిప్పుకునే రింగు ఉంటే నిస్సందేహంగా వాడుకోండి. .22 మీద వాడిన మామూలు స్కోపును స్ప్రింగు రైఫిల్‌కు వేయడం మాత్రం ప్రమాదం. ఆ ముందు దెబ్బకు లోపలి కటకాలు, క్రాస్ వదులవుతాయి.

దుమ్ము మన దగ్గర పెద్ద శత్రువు. కటకం మీద దుమ్ము పడితే కండువాతోనో, రుమాలుతోనో తుడవకూడదు. అందులోని ఇసుక రేణువులే కటకం పూతను గీకేస్తాయి. ముందు రబ్బరు బుడ్డితో గాలి ఊది, మెత్తటి కుంచెతో దులిపి, చివర మైక్రోఫైబర్ గుడ్డ వాడాలి. వానాకాలంలో తోలు సంచిలో, రెగ్జిన్ కవరులో పెట్టి బీరువాలో వదిలేస్తే కటకం మీద బూజు అల్లుకుంటుంది. సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో ఉంచాలి. వెలిగే క్రాస్ ఉన్న స్కోపైతే బ్యాటరీ తీసి పెట్టాలి.

రేంజికి తీసుకుపోయేటప్పుడు తూటాలు విడిగా, రైఫిల్ ఖాళీగా పెట్టెలో, లైసెన్సు చేతిలో ఉండాలి. దేవరకొండ, అచ్చంపేట వైపువాళ్లకు ఇంకో సంగతి. అమ్రాబాద్ టైగర్ రిజర్వు నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకుని ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోని 31వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అడుగుపెట్టకూడదు. దారిన పోతున్నామని చెప్పినా, స్కోపు బిగించిన రైఫిల్ పెట్టెలో కనబడితే సమాధానం చెప్పుకోవడం కష్టం. హైదరాబాద్ రేంజికి పోయేవాళ్లు అడవిలోకి పోని దారిలోనే పోవాలి.

ఎన్నికల కోడ్ వచ్చి రైఫిల్‌ను పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేయాల్సి వస్తే స్కోపుతో సహా ఇవ్వకండి. అక్కడ రైఫిళ్లను గోడకు ఆనించి వరసగా పెడతారు, ఒకటి జారితే పక్కదాని టరెట్ మీద పడుతుంది. ట్యూబు నుంచి పై రింగులు విప్పొద్దు. డొవ్‌టెయిల్ పట్టు స్క్రూలు మాత్రమే వదులు చేసి, రింగులతో కలిపి స్కోపును ఒక్క ముక్కగా తీయాలి. తీసే ముందు రింగు అంచు గాడి మీద ఎక్కడుందో సూదితో సన్నటి గీత పెట్టుకోవాలి. తిరిగి వేసేటప్పుడు ఆ గీతకే ఆనించి, అంతే బిగువుతో బిగిస్తే జీరోకు కొద్ది క్లిక్కుల దూరంలోకి వస్తుంది. అలాగని నమ్మి వదిలేయకుండా, 50 మీటర్ల దగ్గర అయిదు తూటాల గ్రూపు ఒకటి తీసి, ఎటు ఎన్ని క్లిక్కులు జరిగిందో, ఏ లాటు తూటాతోనో తేదీ వేసి నోటుబుక్కులో రాసుకోవాలి.